బోరు మూసిన్రు, నల్లా ఇచ్చిన్రు, మరి కిందున్న నీళ్ళ సంగతేంది?

మన దగ్గర భూమి కింది నీళ్ళు పాడైనయని తేలితే జరిగే పని దాదాపు అన్ని చోట్ల ఒక్కటే. బోరు మీద ఎర్ర రంగు కొడతరు, కొన్ని రోజులు ట్యాంకరు తోలుతరు, తర్వాత నల్లా కనెక్షను ఇస్తరు, ఇగ ఫైలు మూస్తరు. నల్లా ఇచ్చుడు తప్పని నేను అంటలేను, ముందుగాల మనిషికి తాగే నీళ్ళు కావాలె, అండ్ల రెండో మాట లేదు. కానీ నల్లా వచ్చినంక కిందున్న విషం ఏమైంది, ఎవరు తీస్తున్రు, ఎప్పటిలోగ తీస్తరు, తీసినట్టు ఎవరు చూసి సంతకం పెడతరు అని అడిగితే జవాబు చెప్పే మనిషి దొరకడు. పాడు చేసినోళ్ళే కన్సల్టెంటును పెట్టుకుంటరు, ఆ కన్సల్టెంటే శాంపిలు తీస్తడు, ఆయన రిపోర్టే ఆఫీసుకు పోతది. శుభ్రం చేసే పని మీద బయటోళ్ళ కన్ను లేకపోతే శుభ్రమైనట్టు కాయితం తయారైతది గని మట్టి మారదు. నేను జూనియర్ కాలేజీల కెమిస్ట్రీ చెప్తా, ఈ విషయం మీద చాన్నాళ్ళ నుంచి రాద్దామనుకుంటున్నా, ఇప్పుడు రాయకుండ ఉండలేని పరిస్థితి వచ్చింది.

మా మేనత్త వాళ్ళ కాలనీ ఉమ్మడి వరంగల్ జిల్లాలనే ఒక టౌన్ల ఉన్నది, ఊరి పేరు, కాలనీ పేరు రాయను. వాళ్ళ సందు మొగదల ఒక పెట్రోల్ బంకు. ఎండకాలంల బోరు మోటరు వేయంగనే మొదటి బకెట్‌ల కిరసనాయిలు లెక్క వాసన రావట్టింది. అత్తమ్మ మొదలు మోటరు ఆయిలు కారుతున్నదేమో అనుకున్నది, మెకానిక్‌ను పిలిచి మోటరు పైకి తీపిచ్చింది, ఏం లేదు. నన్ను పిలిస్తే పోయి చూసిన. బకెట్ల నీళ్ళు ఆపి ఎండల పెడితే పైన రంగురంగుల పొర తేలింది. మన దగ్గర ఇనుము ఎక్కువున్న బోర్లల్ల కూడ ఇట్లాంటి మెరుపు పొర వస్తది, అది బ్యాక్టీరియాతోని వచ్చేది, దాన్ని పుల్లతోని కదిలిస్తే గాజు పెంకుల్లెక్క ముక్కలై విడివిడిగనే ఉంటది. నూనె పొర అట్ల కాదు, పుల్ల పెట్టి చీలిస్తే మళ్ళ వచ్చి కల్సుకుంటది. అత్తమ్మ బకెట్ల పొర మళ్ళ మళ్ళ కల్సుకున్నది.

కాలనీ వాళ్ళందరు కల్సి కాయితం రాసిచ్చిన్రు. ఇగ అక్కడ నుంచి మొదలైన తిరుగుడు సంగతి చెప్తే అర్థమైతది అసలు లోపం ఎక్కడున్నదో. బంకు కింద ట్యాంకులకు పర్మిషను ఇచ్చేది పేలుడు పదార్థాల శాఖ, అంటే పెసో. పోసే పెట్రోలు కొలత సరిగున్నదా చూసేది తూనికలు కొలతల శాఖ. స్టాకు లెక్కలు సివిల్ సప్లైస్. కాలుష్యమైతే పొల్యూషన్ బోర్డు. బోర్లల్ల నీళ్ళ మట్టం కొలిచేది భూగర్భ జల శాఖ. నల్లా మున్సిపాలిటీది. అందరికి ఏదో ఒక ముక్క ఉన్నది, కానీ ట్యాంకుకు బోరుకు నడుమ ఉన్న మట్టి మాత్రం మాది అని ఎవరూ అనలేదు.

ఆఖరికి ఒక ఆఫీసు నుంచి ఒక పిల్లగాడు శాంపిలు కోసం వచ్చిండు. చేతిల వాడి పడేసిన లీటరు ప్లాస్టిక్ నీళ్ళ బాటిలు. మోటరు వేసి మొదటి నీళ్ళే సగం దాకా పట్టి, మూత పెట్టి, బండి డిక్కిల వేస్కొని మిట్టమధ్యాహ్నం పోయిండు. ఆ పిల్లగాని తప్పు కాదు, ఆయనకు చెప్పినోళ్ళు లేరు. కానీ పెట్రోలుల ఉండే బెంజీను, టోలీను లాంటివి గాలి తగిలితే ఎగిరిపోయే పదార్థాలు. వాటి కోసం శాంపిలు తీయాలంటే ముందు మోటరును కొంతసేపు నడిపి పైపుల నిల్వ నీళ్ళు పోనియ్యాలె, తర్వాత 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాల లోపల ఒక్క గాలి బుడగ కూడ లేకుండ అంచు దాకా నింపాలె, వెంటనే ఐసు పెట్టెల పెట్టి ల్యాబుకు పంపాలె. సగం ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ల, ఎండల, డిక్కిల పోయిన నీళ్ళల్ల బెంజీను ఎంత మిగులుతది? ఇంకా పెద్ద సంగతి ఏందంటే రిపోర్టు వచ్చినంక చూస్తే అండ్ల బెంజీను వెతకనే లేదు. పీహెచ్, టీడీఎస్, హార్డ్‌నెస్, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు. అన్ని లిమిట్ల లోపల. కింద "తాగుటకు యోగ్యము" అని ముద్ర. ఆ కాయితం చేతిల పట్టుకొని అత్తమ్మ నన్ను అడిగింది, "బిడ్డా, మరి వాసన నా ముక్కుదేనా తప్పు?" అని. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

అడగని దాన్ని ఏ ల్యాబు వెతకదు. పటాన్‌చెరు కథ తెలిసినోళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడ మందుల కంపెనీల మురికి నీళ్ళన్నీ ఒక ఉమ్మడి ట్రీట్‌మెంట్ ప్లాంటుకు పోతుండె, ఆ ప్లాంటు మీద నిఘా లేదని ఎవరూ అనలేరు, సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు అది. అయినా 2007ల స్వీడన్ సైంటిస్టులు ఆ ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళల్ల మందులు వెతికితే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. మనిషి ఒంట్ల మందు పనిచేసేటప్పుడు రక్తంల ఉండే దానికన్న ఎక్కువ అది. ప్లాంటుల రోజూ చేసే టెస్టుల జాబితాల యాంటీబయోటిక్స్ లేకుండె, అంతే. జాబితాల ఏముండాలె అని నిర్ణయించే దగ్గరనే నిఘా మొదలుగావాలె.

మళ్ళ మా అత్తమ్మ కాలనీకి వస్త. గొడవ పెద్దగైనంక బంకు వాళ్ళు రాత్రికి రాత్రి తవ్వించిన్రు, ఒక పైపు మార్చిన్రు. ఆ తవ్విన మట్టి నల్లగ, ముక్కు మూసుకునేటంత వాసనతోని ఉండె. ఆ మట్టిని ట్రాక్టర్లల్ల నింపి అవతల వెంచరుల ఎవరిదో లోతట్టు ప్లాటుల పోసి, పైన మొరం కొట్టిన్రు. రేపు ఆ ప్లాటుల ఇల్లు కట్టి బోరు వేసేటోళ్ళకు ఆ సంగతి ఎవరు చెప్తరు? ప్రమాదకర వ్యర్థాల మీద 2016ల వచ్చిన రూల్స్ ప్రకారం ఇట్లాంటివి ఒక చోట నుంచి ఇంకో చోటికి పోవాలంటే మ్యానిఫెస్టు అనే కాయితం వెంట ఉండాలె, పంపినోళ్ళు, తోలినోళ్ళు, తీస్కున్నోళ్ళు ముగ్గురూ సంతకాలు పెట్టాలె. మన రాష్ట్రంల ఇలాంటి చెత్త తీస్కునే సెంటరు దుండిగల్ల ఉన్నది కూడ. ఇంత ఏర్పాటు ఉండి ఆ ట్రాక్టర్లను ఆపి ఎక్కడికి అని అడిగినోళ్ళు లేరు. పైపు మార్చినందుకు సమస్య తీరినట్టు రాసుకున్నరు, రెండు సందులకు కొత్త నల్లా లైను వేసిన్రు. పుండు కడగకుండ పైన గుడ్డ కట్టినట్టు అయింది పని.

మన నేల తీరు తెలిస్తే ఇది ఎంత ప్రమాదమో అర్థమైతది. వరంగల్, కరీంనగర్ చుట్టుముట్టు ఎక్కువగ గ్రానైటు రాయి నేల. పైన కొంత మట్టి, దాని కింద మెత్తబడ్డ రాయి, ఆ కింద గట్టి బండ, బండల పగుళ్ళు. నీళ్ళు ఆ పగుళ్ళల్లనే నడుస్తయి. అందుకనే ఒక ఇంట్ల 300 ఫీట్లకు నీళ్ళు పడితే పక్కింట్ల 500 ఫీట్లకు దుమ్ము వస్తది. విషం కూడ అదే దారి పడతది. పెట్రోలు నీళ్ళ మీద తేలుతది, కొన్ని రకాల ఇండస్ట్రీ సాల్వెంట్లు నీళ్ళకన్న బరువు, అవి అడుగుకు దిగి పగుళ్ళల్ల కూర్చుంటయి. ఎండకాలంల అందరు మోటర్లు గట్టిగ నడిపితే నీళ్ళతో పాటు అది కూడ ఆ దిక్కు గుంజబడతది. అంటే అత్తమ్మ బోరు ఒక్కటి మూస్తే ఆగేది కాదు ఇది. ఆ సందుల ఆగిన గుంజుడు వెనక సందు బోర్లకు మళ్ళుతది, ఆ బోర్లను ఎవరన్న పరీక్ష చేసిన్రా అంటే లేదు. చుట్టుముట్టు నాలుగైదు పరిశీలన బోర్లు వేసి, వానకాలం ముందొకసారి తర్వాతొకసారి కొన్నేండ్ల పాటు చూస్తే గాని విషం ఎటు పోతున్నదో తెల్వదు. ఇది పెద్ద ఖర్చే, నిజమే, కానీ ఆ ఖర్చు ఎవరిదో చట్టం ఎప్పుడో చెప్పింది.

బిచ్చడి అని రాజస్థాన్ల ఉదయపూర్ దగ్గర ఒక ఊరు. 1980ల ఆఖర్ల అక్కడ రంగుల తయారీకి వాడే హెచ్-యాసిడ్ తయారు చేసిన్రు, దాని బురద బయట పడేసిన్రు, బాయిల నీళ్ళు గోధుమ రంగుకు, నలుపుకు తిరిగినయి. ఆ ఫ్యాక్టరీ ఆ సరుకు చేసింది కొద్దికాలమే. 1996ల సుప్రీంకోర్టు పాడు చేసినోళ్ళే శుభ్రానికి పైసలు కట్టాలని తీర్పు ఇచ్చింది, మన దేశంల ఈ సూత్రానికి పునాది ఆ కేసే. సరే, ఇచ్చింది. 2011ల అదే సుప్రీంకోర్టు మళ్ళ కూర్చొని, ఇన్నేండ్లు కట్టకుండ సాగదీసినందుకు ఆ 37 కోట్ల పైచిలుకు పైసలకు చక్రవడ్డీ కలిపి కట్టాలని చెప్పాల్సి వచ్చింది. పదిహేనేండ్లు పోయినయి. ఆ పదిహేనేండ్లు ఆ ఊరి రైతుకు బాయి లేదు. పైసలు ముందే జమ చేయించకపోతే ఏమైతదో ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

భోపాల్ సంగతి ఇంకా బాధ. 2025 జనవరిల యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి 337 టన్నుల చెత్త పీతంపూర్‌కు తీస్కపోయి, తర్వాత అక్కడ కాలబెట్టిన్రు, భోపాల్ శుభ్రమైంది అన్నట్టు వార్తలొచ్చినయి. అది షెడ్డుల మూటలు కట్టి పెట్టిన చెత్త. 2010ల నీరి అనే ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం ఆ ఆవరణల చెడిపోయిన మట్టే 11 లక్షల టన్నులు. కంటికి కనిపించేది తీసేసి కనిపించనిది వదిలేసుడు ఎంత పెద్ద కేసుల కూడ జరుగుతదో చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్త. 2025 జులైల కేంద్రం పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కలుషిత ప్రాంతాల నిర్వహణ రూల్స్ తెచ్చింది. నేను వీటిని మెచ్చుకుంటున్నా, ఎందుకంటే ఇంతకు ముందు ఈ పనికి చట్టంల ఒక పద్ధతి అంటూ లేకుండె. జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకు ఒకసారి అనుమానం ఉన్న చోట్ల జాబితా తయారు చేయాలె. రాష్ట్ర పొల్యూషన్ బోర్డు 90 రోజులల్ల ప్రాథమిక పరీక్ష చేయాలె, ఇంకో మూడు నెలలల్ల పూర్తి సర్వే చేసి తేల్చాలె. 189 రసాయనాల జాబితా ఉన్నది, లిమిటు దాటితే ఆ చోటు పేరు బయట పెట్టాలె, మనుషులు పోకుండ కట్టడి చేయాలె. నిపుణుల సంస్థ బాగు చేసే ప్లాను ఇయ్యాలె. ఎవరు బాధ్యులో 90 రోజులల్ల బోర్డు తేల్చాలె, వాళ్ళే ఖర్చు కట్టాలె, వాళ్ళు దొరకకపోతే, కట్టే స్థితిల లేకపోతే కేంద్రం, రాష్ట్రం పంచుకోవాలె.

బాగనే ఉన్నది గద. మరి లోపమేందంటే, తేల్చుడుకు తారీకులున్నయి, శుభ్రం చేసి ముగించుడుకు తారీకు లేదు. రూల్స్ వచ్చిన నాటికి దేశం మొత్తంల 103 కలుషిత ప్రాంతాలు గుర్తిస్తే, బాగు చేసే పని మొదలైంది ఏడింట్లనే. తారీకు లేని పని ఎట్ల నడుస్తదో ఆ లెక్కనే చెప్తున్నది. రెండోది, గనుల పని, రేడియోధార్మిక చెత్త, సముద్రంల చమురు, డంపు యార్డుల ఘన వ్యర్థాలు, వీటికి వేరే చట్టాలున్నయని ఈ రూల్స్ పక్కకు పెట్టినయి. వేరే కాలుష్యం వాటితో కల్సి లిమిటు దాటితే మాత్రం ఈ రూల్సే వర్తిస్తయని ఒక మెలిక పెట్టిన్రు. మన ఉత్తర తెలంగాణల ఉన్నదేంది? భూపాలపల్లి నుంచి రామగుండం దాకా సింగరేణి, ఇక్కడ వరంగల్ దగ్గర రాంపూర్ డంపు యార్డు. మనకు కావాల్సిన రెండూ ఆ మెలిక మీదనే ఆధారపడి ఉన్నయి. లిమిటు దాటిందని నిరూపించాలంటే ముందు ఎవరో ఒకరు శాంపిలు తీయాలె, అదీ గాజు సీసాల. రాంపూర్ల పాత చెత్తను జల్లెడ పట్టి బయోమైనింగ్ చేస్తున్రు, మంచి పనే, కానీ గుట్ట తీసినంత మాత్రాన ఇన్నేండ్లు దాని కిందికి ఇంకిన నల్ల నీళ్ళు పోవు. గుట్ట ఖాళీ అయిన నాడు కింది మట్టి రిపోర్టు, మడికొండ దిక్కు బోర్ల రిపోర్టు కూడ జనం ముందు పెట్టాలె. టన్నుల లెక్క చెప్పి ఫోటోలు దిగుడుతోని అయిపోదు.

వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు యాదికొస్తది నాకు. 1934ల నిజాం కాలంల పెట్టిన మిల్లు, మా తాతల తరానికి అన్నం పెట్టింది, మూతబడ్డది, ఆ జాగల చాలా వరకు ప్లాట్లయినయి. అక్కడి మట్టి చెడిపోయిందని నేను అంటలేను, ఆ మాట అనాలంటే పరీక్ష కావాలె, నేను అనేది కూడ అదే. దశాబ్దాల పాటు బట్ట తయారైన జాగల ఇల్లు కట్టేముందు ఒక్కసారి కింద చూడాలె అనే ఆలోచన మన పద్ధతుల్ల లేదు. ప్లాటు కొనేటప్పుడు ఈసీ తీస్తం, లింకు డాక్యుమెంట్లు చూస్తం, వాస్తు చూస్తం. మట్టి రిపోర్టు ఆ కట్టల ఉండదు. ఫ్యాక్టరీ జాగను ఇండ్లకు మార్చే కాయితంల అది తప్పనిసరి పేజీ కావాలె, అది లేకుంటే లేఔటు పర్మిషనే ఇయ్యొద్దు.

వరంగల్ భద్రకాళి చెరువుది కూడ అంతే. 2024 నవంబర్ల నీళ్ళు వదిలి ఖాళీ చేసి పూడిక తీసుడు మొదలుపెట్టిన్రు. చెరువు మట్టి పొలానికి తోలుడు మనకు తాతల నాటి అలవాటు, మిషన్ కాకతీయల కూడ అట్లనే తోలుకున్నం, దానికన్న మంచి ఎరువు లేదు. కానీ ఊరి చెరువు మట్టి వేరు, నగరం మురికి కాల్వలు ఏండ్ల తరబడి కల్సిన చెరువు మట్టి వేరు. అట్లాంటి మట్టి ఏ పొలానికి పోయేదైనా సీసం, క్రోమియం, కాడ్మియం చూసినంకనే పోవాలె.

నాతోని వాదించేటోళ్ళు ఉన్నరు. మా కాలేజీల ఒక సారు అంటడు, ఇంత గట్టిగ చేస్తే ఉన్న పరిశ్రమలు కూడ పోతయి, మన పిల్లలు మళ్ళ సూరత్‌కు, భివండికి బతకపోవాలె అని. వరంగల్ నేతకారుల ఇండ్లల్ల పుట్టినోళ్ళకు ఆ మాట గుచ్చుకుంటది, నాకూ గుచ్చుకుంటది. గీసుకొండ, సంగెం దిక్కు మెగా టెక్స్‌టైల్ పార్కు వస్తే సంబురపడ్డోళ్ళల్ల నేనొకన్ని. కానీ నిఘా గట్టిగ ఉండుడు మంచిగ నడిపే కంపెనీకే లాభం. పార్కు పూర్తిగ నిండకముందే శాయంపేట, చింతలపల్లి చుట్టు బోర్ల నీళ్ళు, మట్టి ఇప్పుడే పరీక్ష చేసి, ఆ లెక్కలు పంచాయతీ గోడ మీద రాసి పెట్టాలె. రేపు నీళ్ళు మారితే ఎవరి వల్ల మారినయో తెలుస్తది, మారకపోతే కంపెనీ మీద నింద పడదు. ముందు లెక్క లేకపోతే రేపు కోర్టుల "ఈ నీళ్ళు మొదటి నుంచి ఇంతే" అంటే రైతు దగ్గర జవాబు ఉండదు. అసలే మన బోర్లల్ల ఫ్లోరైడు భూమిల నుంచే వస్తది, ఆ సాకు తయారుగనే ఉన్నది.

ఇంకొక మాట, బోర్డుల పనిచేసే ఇంజనీర్లను తిట్టుడు నాకు ఇష్టం లేదు. ఫ్యాక్టరీలకు పర్మిషన్లు, తనిఖీలు, ఫిర్యాదులు, కోర్టు రిపోర్టులు అన్నీ వాళ్ళ మీదనే, ఇప్పుడు ఈ కలుషిత ప్రాంతాలు కూడ. మనుషులను, సీసాలను, ఐసు పెట్టెలను ఇయ్యకుండ రూల్స్ ఒక్కటే ఇస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తరు? పైగా పర్యావరణ చట్టంల 2024 ఏప్రిల్ నుంచి జైలు శిక్ష చాలా వరకు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టిన్రు. పెద్ద కంపెనీకి 15 లక్షలు అంటే ఒక కారు. అందుకే జరిమానా మీద ఆశ పెట్టుకోకుండ, పర్మిషను ఇచ్చేనాడే శుభ్రానికి అయ్యే పైసలు బ్యాంకు గ్యారంటీ కింద తీస్కోవాలె, శాంపిలు రెండు సీసాలల్ల తీసి ఒకటి కాలనీవాళ్ళు చెప్పిన ల్యాబుకు పంపాలె, ప్రతి రిపోర్టు తెలుగుల బయట పెట్టాలె.

కాలనీల ఉన్నోళ్ళు తెల్సుకోవాల్సింది ఒకటున్నది. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయి నష్టపరిహారం, భూమి బాగుచేత అడగాలంటే, కారణం మొదలు పుట్టిన రోజు నుంచి ఐదేండ్లలోపు పోవాలె, ఆపైన గట్టి కారణం చూపితే ఇంకో 60 రోజులు. భూమి కింది విషం పదేండ్లకు పైకి తేలొచ్చు, గడియారం మాత్రం ముందే తిరగవట్టిందని అవతలి వకీలు అంటడు. దీన్ని మార్చాలె, తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టాలె అని నా గట్టి అభిప్రాయం. మారేదాక మన చేతిలున్నది వాసన వచ్చిన రోజే తారీకు వేసి కాయితం ఇచ్చి రశీదు తీస్కునుడు.

అత్తమ్మ వాళ్ళు ఈ సోమవారం ప్రజావాణిల మళ్ళ కాయితం ఇచ్చిన్రు, ఈసారి నేనే రాసిన. ఆ సందును, మట్టి పోసిన ప్లాటును రెండింటినీ ఆర్నెల్ల జాబితాల ఎక్కించాలె, వెనక సందు బోర్లకు కూడ బెంజీను పరీక్ష చేయాలె, శాంపిలు తీసే రోజు ముందే కాలనీకి చెప్పాలె అని అడిగినం. జాబితా బోర్డుకు చేరిన రోజు నుంచి 90 రోజుల లెక్క మొదలైతది కాబట్టి, ఆ తారీకు ఏదో రాతపూర్వకంగ చెప్పమని కూడ అండ్లనే రాసినం.